కాజీపేట జంక్షన్ అభివృద్ధి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉండే మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా ఇవే అడుగుతారు. పండక్కి వచ్చి స్టేషన్‌లో దిగినవాళ్లు ఆటో ఎక్కేలోపే మొదలుపెడతారు. రైలు పెట్టెల ఫ్యాక్టరీ వార్త పేపర్లో వచ్చిన రోజైతే చాయ్ బండి దగ్గర వేరే ముచ్చటే ఉండదు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, అన్నీ ఒక్కచోట రాసి పెట్టాను. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి అక్కడక్కడ కాజీపేట మీద ప్రేమ ఎక్కువ కనబడొచ్చు.

కాజీపేటలో ఏయే లైన్లు కలుస్తాయి?

మూడు. పడమరగా వెళ్లేది జనగామ, భువనగిరి మీదుగా సికింద్రాబాద్ లైను, 132 కిలోమీటర్లు. ఉత్తరానికి వెళ్లేది పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా మహారాష్ట్రలోని బల్లార్షా లైను, 234 కిలోమీటర్లు. మూడోది వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం మీదుగా విజయవాడకు, సుమారు 220 కిలోమీటర్లు.

ఢిల్లీ నుంచి చెన్నైకి పోయే గ్రాండ్ ట్రంక్ మార్గమూ, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు పోయే దారీ విడిపోయేది ఇక్కడే. స్టేషన్ దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్ కిందికి వస్తుంది. జిల్లా హనుమకొండ.

వరంగల్ స్టేషన్, కాజీపేట స్టేషన్ ఒకటేనా? నేను ఎక్కడ దిగాలి?

ఒకటి కాదు. రెండింటి మధ్య పది కిలోమీటర్లు ఉంటుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసి ఇప్పుడు ఒకే నగరం, ఒకే కార్పొరేషన్. బయటివాళ్లకు అన్నీ వరంగలే కాబట్టి తికమక సహజం.

గుర్తుపెట్టుకోవాల్సింది రైలు వచ్చే దిక్కు, పోయే దిక్కు.

సికింద్రాబాద్ నుంచి బల్లార్షా వైపు పోయే బండ్లు కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ ముఖం చూడవు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, కాగజ్‌నగర్ వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఈ రకం.

ఢిల్లీ వైపు నుంచి నేరుగా విజయవాడ, చెన్నై పోయే బండ్లు వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేట జంక్షన్‌లోకి రానే రావు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ ఎక్స్‌ప్రెస్ అలాంటివి.

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు పోయేవి రెండు స్టేషన్ల మీదుగానూ పోతాయి. గోల్కొండ, కృష్ణా, గోదావరి లాంటివి రెండు చోట్లా ఆగుతాయి. కొన్ని ఒక్కచోటే ఆగుతాయి, టికెట్ కొనేముందు చూసుకోండి.

ఇది తెలియక నేను కూడా బోల్తా పడ్డాను. ఓసారి నాగ్‌పూర్ నుంచి వస్తూ చెన్నై బండి ఎక్కాను. కాజీపేటకు ముందు బల్లార్షా లైను మీదుండే హసన్‌పర్తి దాటగానే బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. కుడివైపు తిరగాల్సిన బండి ఎడమకు ఒరిగింది. మా వాడ చెట్లు దూరం నుంచి కనబడుతూనే ఉన్నాయి, బండి మాత్రం తీసుకెళ్లి వరంగల్‌లో దింపింది. అక్కణ్నుంచి సిటీ బస్సులో వెనక్కి. రైల్వే ఊళ్లో పుట్టి ఇదేం తెలివిరా అని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఇక పని ఎక్కడుందో దాన్ని బట్టి చూసుకుంటే, నిట్‌కు, హనుమకొండకు కాజీపేట దగ్గర. కోటకు, ఎనుమాముల మార్కెట్‌కు వరంగల్ దగ్గర.

మరి "కాజీపేట టౌన్" అని ఇంకోటి కనబడుతోందే?

అదే పైన చెప్పిన మలుపు మీద ఉండే చిన్న స్టేషన్. బల్లార్షా లైను మీద వచ్చిన బండి జంక్షన్‌లోకి రాకుండా వరంగల్ వైపు తిరగడానికి ఒక అడ్డదారి పట్టాలు ఉన్నాయి. మ్యాపులో చూస్తే మూడు వైపులా పట్టాలతో ఒక త్రిభుజం కనబడుతుంది. ఒక మూల జంక్షన్, ఒక మూల వరంగల్ వైపు, ఒక మూల హసన్‌పర్తి వైపు. ఈ త్రిభుజం పుణ్యమా అని ఏ బండికీ కాజీపేటలో ఇంజను తిప్పి రెండో వైపు తగిలించే పని లేదు. రైల్వేకు ఎంతో సమయం ఆదా. ఊరికి మాత్రం ఢిల్లీ–చెన్నై బండ్లన్నీ కళ్ల ముందు నుంచే పక్కకు జారిపోతాయి.

స్టేషన్ అభివృద్ధి గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. భవనం ఎంత అందంగా కట్టినా జంక్షన్‌లోకి రాని బండిని రప్పించలేరు.

ఈ జంక్షన్ ఎప్పటిది?

లైను వచ్చింది నిజాం కాలంలో. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే దాన్ని తూర్పుకు పొడిగిస్తే 1886కు వరంగల్, 1889కి బెజవాడ చేరింది. అప్పటికి కాజీపేట జంక్షన్ కాదు, దారిలో ఒక స్టేషన్, అంతే.

జంక్షన్ అయింది ఉత్తరం లైను పడ్డాక. కాజీపేట నుంచి రామగుండం వైపు, అక్కణ్నుంచి బల్లార్షా దాకా 1920ల్లో విడతలుగా వేశారు. 1929లో అది పూర్తయ్యేసరికి ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య నేరుగా దారి దొరికింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడాదే. మొదట్లో అది పెషావర్ నుంచి మంగళూరు దాకా నడిచింది. ఈ లైను అడవుల్లోంచి, బొగ్గు గనుల పక్క నుంచి పోతుంది. సింగరేణి బొగ్గు, రామగుండం ఎన్టీపీసీ, కాగజ్‌నగర్ పేపరు మిల్లు, దారి పొడుగునా సిమెంటు ఫ్యాక్టరీలు. ప్రయాణికులకు ఢిల్లీ దారి, రైల్వే ఖజానాకు మాత్రం గూడ్స్ దారి.

1930లో రైల్వేను నిజాం సర్కారు కంపెనీ చేతి నుంచి తీసుకుంది. 1951లో అది భారత రైల్వేలో, సెంట్రల్ రైల్వే కింద కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టాక అందులోకి వచ్చింది.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?

ఖాజీ పేరు మీద. వరంగల్‌కు ఖాజీగా చేసిన సూఫీ సాధువు హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఇక్కడే ఉంది. ఏటా ఉర్సుకు వచ్చే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఒకవైపు దర్గా, ఇంకోవైపు ఫాతిమా చర్చి, మధ్యలో రైల్వే క్వార్టర్లు. ఊరి స్వభావం తెలుసుకోవడానికి ఈ మూడూ చూస్తే చాలు.

కాజీపేటను "రైల్వే ఊరు" అనడం దేనికి?

ఇక్కడ బండ్లు ఆగేది ప్రయాణికుల కోసం మాత్రమే కాదు. డ్రైవర్లు, గార్డులు డ్యూటీ మారేది ఇక్కడే. కాగితాల మీద ఇప్పుడు వాళ్లను లోకో పైలట్ అనీ, ట్రైన్ మేనేజర్ అనీ రాస్తున్నారు. ఊళ్లో మాత్రం డ్రైవరు డ్రైవరే. డీజిల్ లోకో షెడ్డు, ఎలక్ట్రిక్ లోకో షెడ్డు రెండూ ఉన్నాయి. వాటి చుట్టూ క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, స్టేడియం, ఇన్‌స్టిట్యూట్ వెలిశాయి.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిద రంగులోకి తిరిగేవని మా బాపు చెప్పేవాడు. మా వాడలో ఒకప్పుడు ఇంటికొక రైల్వే నౌకరి ఉండేది. ఇప్పుడు అలా లేదు. పనులు కాంట్రాక్టుకు పోయాయి, పోస్టులు తగ్గాయి. ఫ్యాక్టరీ అనే మాట వినగానే ఈ ఊరు అంతగా ఎందుకు ఊగిపోతుందో అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

అమృత్ భారత్ పథకంలో కాజీపేటకు ఏం వచ్చింది?

2023 ఆగస్టు 6న ప్రధాని దేశమంతటా 508 స్టేషన్ల పనులకు ఒకేసారి శంకుస్థాపన చేశారు. అందులో తెలంగాణవి 21. కాజీపేటకు కేటాయించింది సుమారు 24 కోట్ల రూపాయలు.

ఈ పథకం కింద చేసే పనులు అన్ని స్టేషన్లలోనూ దాదాపు ఒకటే రకం. ముందు భాగం కొత్తగా కట్టడం, వాహనాలు తిరిగే ఆవరణ వెడల్పు చేయడం, వెయిటింగ్ హాళ్లు, మరుగుదొడ్లు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, లిఫ్టులు, ఎస్కలేటర్లు, ప్లాట్‌ఫారాల మీద పైకప్పు, దివ్యాంగులకు ర్యాంపులు, బోర్డులు, దీపాలు.

వీటిలో నాకు ముఖ్యమైనవి లిఫ్టులు, పైకప్పు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను, రెండు సూట్‌కేసులను వెంటబెట్టుకుని మెట్ల వంతెన ఎక్కిన ఎవర్నైనా అడగండి, గోపురం డిజైను సంగతి ఎత్తరు. బయట ఆటోలు, కార్లు, బస్సులు ఒకదాన్నొకటి ఢీకొనకుండా తిరిగే చోటు కూడా అంతే అవసరం. మిగతాది ఫొటోలకు బాగుంటుంది.

వరంగల్ స్టేషన్ కాకతీయ తోరణంతో మెరిసిపోతోంది. కాజీపేటకు అంత హంగు ఎందుకు లేదు?

వరంగల్ స్టేషన్‌కు పెట్టింది సుమారు 25 కోట్లు. కరీంనగర్, బేగంపేటలతో పాటు 2025 మే 22న ప్రారంభమైంది. డబ్బు లెక్కలో రెండు స్టేషన్లకూ పెద్ద తేడా లేదు. అసలు తేడా పనిలో ఉంది. వరంగల్ ఎక్కువగా ప్రయాణికుల స్టేషన్. కాజీపేటలో ప్రయాణికుడికి కనబడేది నాలుగో వంతు కూడా ఉండదు. బండ్లను నిలిపి, మళ్లించే యార్డు, షెడ్లు, గూడ్స్ లైన్లు, సిబ్బంది గదులు అన్నీ వెనకాలే ఉంటాయి. వాటికి పెట్టే ఖర్చుకు రిబ్బను కత్తిరించరు. ఈ పోలికతో మా ఊరివాళ్లు బాధపడటం నాకు నచ్చదు. కాజీపేట గట్టిగా అడగాల్సింది తోరణం గురించి కాదు, పట్టాల గురించి.

రైలు కాజీపేట దగ్గరికొచ్చి ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఎందుకు ఆగిపోతుంది?

అందరూ తిట్టుకునేది దీన్నే కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాను.

మన రైళ్లు రోడ్డు మీద బండ్లలాగే ఎడమ పట్టా మీద నడుస్తాయి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు పోయే బండి ఎడమ పట్టా మీద, అంటే ఉత్తరం పక్క పట్టా మీద వస్తుంది. ఎదురుగా సికింద్రాబాద్ వైపు పోయే బండిది దక్షిణం పక్క పట్టా. బల్లార్షా లైను వచ్చి కలిసేది ఉత్తరం నుంచి. ఇప్పుడు బల్లార్షా నుంచి సికింద్రాబాద్ పోవాల్సిన బండి తన పట్టా అందుకోవాలంటే ఎదురొచ్చే బండి పట్టాను అడ్డంగా దాటాలి. దాటేంత సేపు సికింద్రాబాద్ నుంచి వచ్చే బండిని ఆపాల్సిందే.

వరంగల్ వైపూ ఇదే గొడవ. విజయవాడ నుంచి వచ్చి బల్లార్షా వైపు తిరిగే బండి కూడా ఎదుటి పట్టాను అడ్డంగా దాటాలి. దానికి తోడు బొగ్గు గూడ్సులు. యాభై, అరవై వ్యాగన్ల బండి అడ్డంగా దాటడమంటే నిమిషం పని కాదు.

కాజీపేట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి కుడివైపు తిరగాలనుకునే లారీని ఊహించుకోండి. అదొక్కటి తిరిగేదాకా ఎదుటివాళ్లంతా ఆగాలి. రోడ్డు మీద దీనికి మందు ఫ్లైఓవర్. రైలుకూ అంతే, ఒక లైను మీదుగానో కిందుగానో ఇంకో లైను పోయేలా కట్టాలి, లేదా గూడ్సులకు ప్రత్యేకంగా దారి ఇవ్వాలి. అందుకే ఏ బడ్జెట్లోనైనా నేను ముందు వెతికేది బైపాస్ లైను, మూడో లైను, యార్డు అనే మాటల కోసం.

మూడో లైను వల్ల మనకేంటి లాభం?

కాజీపేట–విజయవాడ మూడో లైను 2012-13లో మంజూరైంది. కాజీపేట–బల్లార్షా మూడో లైను 2015-16లో, 201 కిలోమీటర్లకు 2,063 కోట్ల అంచనాతో మంజూరైంది. మొత్తం దూరం 234 అని పైన చెప్పి ఇక్కడ 201 అంటున్నారేంటని అడగొచ్చు. మధ్యలో రాఘవాపురం–మందమర్రి ముక్కను అంతకుముందే విడిగా మంజూరు చేశారు.

రెండే పట్టాలున్నప్పుడు ముందు పోయే గూడ్సు నెమ్మదిస్తే వెనకున్న ఎక్స్‌ప్రెస్ కూడా నెమ్మదించాలి, లేదా గూడ్సును ఏదో స్టేషన్‌లో లూప్‌లైనులో, అంటే పక్క పట్టా మీద, పెట్టి దీన్ని ముందుకు వదలాలి. మూడో పట్టా మీద బండ్లను రెండు వైపులకూ నడపొచ్చు. రద్దీ ఎటు ఉంటే అటు. గూడ్సులు దాని మీదికి పోతే ప్రయాణికుల బండ్లకు ఊపిరి ఆడుతుంది. కొత్త రైళ్లు అడగాలన్నా ముందు వాటికి పట్టా మీద చోటుండాలి. లైను నిండిపోయి ఉందనే జవాబే కొత్త బండికీ, కొత్త స్టాపుకూ వస్తుంది.

ఒక చిక్కు ఉంది. మూడు దిక్కులా మూడేసి పట్టాలు వచ్చి కాజీపేట దగ్గర పాత యార్డులోనే కలిస్తే సీసా వెడల్పయింది గానీ మూతి అలాగే ఉన్నట్టు. లైనుతో పాటు యార్డు పని కూడా సాగాలి.

ఈ లైను మీద 130 కిలోమీటర్ల వేగం అన్నారు. నా బండి మాత్రం ఎప్పటిలాగే వస్తోంది, ఎందుకు?

సికింద్రాబాద్–కాజీపేట మీద ముందే 130 అనుమతి వచ్చింది. 2022 సెప్టెంబర్ 12 నుంచి బల్లార్షా–కాజీపేట–విజయవాడ–గూడూరు దారి మొత్తం మీద గంటకు 130 కిలోమీటర్ల గరిష్ఠ వేగానికి ఒప్పుకున్నారు. గరిష్ఠ వేగం అంటే పోవచ్చు అని, ప్రతి బండీ పోతుందని కాదు. పాత రకం ఐసీఎఫ్ పెట్టెల బండ్లు ఆ వేగం అందుకోవు, దానికి కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలుండాలి. పది కిలోమీటర్లకోసారి ఆగే ప్యాసింజరుకు ఆ అంకెతో పనే లేదు. ఇక 130లో వచ్చిన బండి కూడా ఔటర్‌లో పది నిమిషాలు నిలబడితే సంపాదించిందంతా అక్కడే పోతుంది.

కోచ్ ఫ్యాక్టరీ కథేంటి? మా తాత కాలం నుంచి వింటున్నాం.

నిజమే, నలభై ఏళ్ల కథ. ఇక్కడి జనం చెప్పుకునేదాని ప్రకారం 1980ల మొదట్లో కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ అన్నారు. తర్వాత పంజాబ్ అల్లర్లు, 1984 అక్టోబర్‌లో ఇందిరా గాంధీ హత్య. 1985 జులై 24న ప్రధాని రాజీవ్ గాంధీకీ అకాలీదళ్ నేత లోంగోవాల్‌కూ మధ్య పంజాబ్ శాంతి ఒప్పందం కుదిరింది. సరిగ్గా 24 రోజులకు, ఆగస్టు 17న, పంజాబ్‌లోని కపుర్తలాలో రైల్ కోచ్ ఫ్యాక్టరీకి రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. 1988 మార్చికల్లా మొదటి పెట్టె బయటికొచ్చింది. మా దగ్గర పెద్దవాళ్లెవరూ కపుర్తలా పేరు మామూలు గొంతుతో పలకరు.

తర్వాత రాయ్‌బరేలీకి ఒకటి వచ్చింది. కేరళలోని పాలక్కాడ్‌కు 2012లో శంకుస్థాపన రాయి పడి, ఫ్యాక్టరీ మాత్రం లేవలేదు. అదొక్కటే మాకు తోడు.

2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో ఈ మాట మళ్లీ వచ్చింది. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ పెట్టే విషయాన్ని ఆరు నెలల్లో రైల్వే పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలి అని రాశారు. "పరిశీలించాలి" అన్నారు, "పెట్టాలి" అనలేదు. ఆ ఒక్క క్రియాపదం మీద పదేళ్లు వాదన నడిచింది. ఇప్పుడున్న ఫ్యాక్టరీలే చాలు, కొత్తది అవసరం లేదని ఢిల్లీ చెబుతూ వచ్చింది. ఇంతలో 2018లో మహారాష్ట్రలోని లాతూర్‌కు కోచ్ ఫ్యాక్టరీ వెళ్లింది. లాతూర్ కూడా ఒకప్పటి నిజాం ఇలాకానే. వాళ్లకు వచ్చినందుకు ఏడుపు లేదు. అవసరం లేదన్న మాట ఏమైందన్నదే మా ఊరి ప్రశ్న.

ఇప్పుడు అయోధ్యాపురం దగ్గర కడుతున్నది కోచ్ ఫ్యాక్టరీయేనా?

పేరు రైల్వే మాన్యుఫ్యాక్చరింగ్ యూనిట్. కాజీపేట పక్కన అయోధ్యాపురం దగ్గర దాదాపు 160 ఎకరాల్లో. 2023 జులై 8న హనుమకొండ సభలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఖర్చు 500 కోట్లకు పైనే.

ఇది మెట్లు మెట్లుగా మారుతూ వచ్చింది. మొదట అన్నది వ్యాగన్ల పీఓహెచ్ వర్క్‌షాప్. పీఓహెచ్ అంటే కొన్నేళ్లు తిరిగిన వ్యాగన్‌ను విప్పి, బాగుచేసి, మళ్లీ పట్టాలెక్కించడం. కొత్తవి చేయడం కాదు. శంకుస్థాపన నాటికి అది కొత్త వ్యాగన్ల తయారీగా మారింది. 2024లో రైలు పెట్టెలు కూడా చేసేలా మార్చేందుకు రైల్వే బోర్డు నుంచి ఒప్పుదల వచ్చింది.

అందుకని "కోచ్ ఫ్యాక్టరీ వచ్చేసింది" అన్నా సగం నిజమే, "ఒట్టి రిపేరు షాపు" అన్నా సగం నిజమే. నన్నడిగితే మొదటి పెట్టె గేటు దాటి బయటికొచ్చిన రోజు మిఠాయి పంచుకుందాం.

అందులో మా పిల్లలకు ఉద్యోగం వస్తుందా?

రైల్వే పర్మనెంట్ పోస్టులు ఎక్కడివైనా రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు లేదా రిక్రూట్‌మెంట్ సెల్ నోటిఫికేషన్ ద్వారానే నింపుతారు. పరీక్ష రాయాలి. స్థానికులకే అని విడిగా కోటా ఉండదు. ఐటీఐ చేసిన పిల్లలకు అప్రెంటిస్ దారి ఉంటుంది. వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్ ట్రేడులు ఇలాంటి యూనిట్‌కు పనికొస్తాయి. మిగతావి కాంట్రాక్టరు కింద పనులు, చుట్టూ వచ్చే చిన్న వర్క్‌షాపులు, మెస్సులు, అద్దె ఇళ్లు. భూములు పోయిన కుటుంబాలు ఉద్యోగాలు అడుగుతున్నాయి, అది న్యాయమైన మాట.

ఒకటి గట్టిగా చెబుతున్నా. "పైన మనోళ్లున్నారు, రెండు లక్షలిస్తే పోస్టు" అనేవాణ్ని నమ్మొద్దు. రైల్వే ఊళ్లలో ఈ వ్యాపారం స్టీమ్ ఇంజన్ల నాటి నుంచీ ఉంది. మా వాడలోనే ఇలా పొలం అమ్ముకున్నవాళ్లున్నారు.

వందే భారత్ కాజీపేటలో ఆగుతుందా?

నాగ్‌పూర్ వైపుది ఆగుతుంది, విశాఖ వైపుది ఆగదు. 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటను పలకరించకుండా పోతుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ కాజీపేటలో ఆగుతుంది, ఎందుకంటే దాని దారిలో వరంగల్ లేదు. పైన చెప్పిన త్రిభుజం లెక్కే ఇదీ.

కాజీపేట డివిజన్ అవుతుందని అంటున్నారు, నిజమా?

డిమాండ్ పాతది. కార్మిక సంఘాలు, అన్ని పార్టీల నాయకులు అడుగుతూనే ఉన్నారు. మంజూరు మాత్రం కాలేదు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించి, విజయవాడ, గుంటూరు, గుంతకల్ డివిజన్లు అందులోకి అన్నాక ఈ అడుగుడు పెరిగింది. అవి పోతే దక్షిణ మధ్య రైల్వేకు మిగిలేవి సికింద్రాబాద్, హైదరాబాద్, నాందేడ్. అప్పుడు ఇక్కడ కొత్త డివిజన్ ఎందుకు ఇవ్వకూడదన్నది వాదన.

డివిజన్ వస్తే లాభమేంటంటే నిర్ణయాలు తీసుకునే డివిజనల్ రైల్వే మేనేజర్ (డీఆర్ఎం) ఊళ్లోనే కూర్చుంటారు. ఆఫీసులు, పోస్టులు వస్తాయి. అయితే డివిజన్ వచ్చిందని ఔటర్‌లో ఆగే బండి ఆగకుండా పోదు. రెండూ వేర్వేరు సంగతులు.

ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఎప్పటికి తీరుతుంది?

హైదరాబాద్ రోడ్డు నుంచి హనుమకొండలోకి వచ్చే వాహనాలన్నీ పట్టాలు దాటేది ఈ వంతెన మీదే. పాత వంతెన చాలక పక్కన రెండోది మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. పట్టాల మీద ముక్క రైల్వే చేయాలి, రెండు పక్కలా దిగే రోడ్లు రాష్ట్రం చేయాలి. ఒకరు సిద్ధమైనప్పుడు ఇంకొకరు సిద్ధంగా ఉండరు. ఈ జబ్బు ఒక్క ఫాతిమానగర్‌దే కాదు. స్టేషన్‌కు బయల్దేరేవాళ్లు మాత్రం ఈ వంతెన కోసం అరగంట ముందు కదలండి.

వరదలొస్తే, ఎక్కడో పట్టాలు తప్పితే మొత్తం ఆగిపోతుందెందుకు?

2024లో రెండుసార్లు చూశాం. సెప్టెంబర్ 1 నాటి వానలకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు అందరూ చూశారు. నవంబర్ 12న పెద్దపల్లి జిల్లా రాఘవాపురం దగ్గర గూడ్సు పట్టాలు తప్పింది, 11 వ్యాగన్లు పడిపోయాయి. మొదటిసారి విజయవాడ వైపు, రెండోసారి బల్లార్షా వైపు దారి మూసుకుపోయి పదులకొద్దీ బండ్లు రద్దయ్యాయి. ఉత్తర, దక్షిణ భారతాల మధ్య బండ్లు ఎక్కువగా ఈ ఒక్క దారినే నమ్ముకున్నాయి మరి. అలాంటి రోజుల్లో కాజీపేట ప్లాట్‌ఫారం మీద తెలుగు తప్ప అన్ని భాషలూ వినబడతాయి.

మేడారం జాతరకు ఇక్కడ దిగితే బస్సు దొరుకుతుందా?

దొరుకుతుంది. రెండేళ్లకోసారి జాతర వేళ కాజీపేటకు, వరంగల్‌కు ప్రత్యేక రైళ్లు వేస్తారు. ఆర్టీసీ ఇక్కడి నుంచి మేడారానికి స్పెషల్ బస్సులు నడుపుతుంది. వెళ్లేటప్పుడు కన్నా తిరుగు ప్రయాణంలో రద్దీ ఎక్కువ, చిన్నపిల్లలుంటే ఒక పూట ఆగి బయల్దేరడం మేలు.

స్టేషన్‌లో సమస్య ఉంటే, స్టాపు కావాలంటే ఎవరికి చెప్పాలి?

నీళ్లు రాకపోయినా, లిఫ్టు ఆగినా, బోగీలో ఇబ్బందైనా 139కి ఫోన్ చేయండి, లేదా రైల్ మదద్‌లో రాయండి. ఫిర్యాదు నంబరు వస్తుంది, దాన్ని దాచుకోండి. స్టాపులు, వేళల మార్పులు స్టేషన్ మాస్టర్ చేతిలో ఉండవు, ఆయన మీద అరిచి లాభం లేదు. అవి సికింద్రాబాద్ డీఆర్ఎం ఆఫీసుకు, జోన్ జనరల్ మేనేజర్‌కు, మన ఎంపీకి రాయాలి. డివిజన్‌లో ప్రయాణికుల సంప్రదింపుల కమిటీ ఒకటి ఉంటుంది, అందులో సభ్యులకు ఇచ్చినా సమావేశంలో పెడతారు. "అన్ని రైళ్లూ ఆపాలి" అని రాస్తే పక్కన పడేస్తారు. ఒక్క బండి నంబరు, అది కాజీపేట దాటే సమయం, దానికి ముందూ వెనకా ఆ దిక్కుకు ఇంకో బండి ఎన్ని గంటల తేడాతో ఉందో రాయండి.